హెరాల్డా, జెడ్4 ఆ? పైకప్పు తెరిచే కారు కొనబోతున్న గుంటూరు పాఠకుడికి

ప్రశ్న: మాది గుంటూరు. పైకప్పు తెరిచే కారు కొనుక్కోవాలని నాకూ నా భార్యకూ చాలాకాలంగా కోరిక. రోజూ తిరగడానికి ఇంట్లో వేరే కారు ఉంది. ఇది ఆదివారాలు పొద్దున్నే పొన్నూరు మీదుగా సూర్యలంక సముద్రతీరానికి వెళ్లి రావడానికి, అప్పుడప్పుడు అమరావతికి, ఏడాదికి రెండు మూడుసార్లు హైదరాబాదుకు. పిల్లలిద్దరు, 12, 9 ఏళ్లవాళ్లు. రెండు బండ్లు చూశాం. హైదరాబాదులో 2020 బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ, 24,000 కిలోమీటర్లు తిరిగింది, 58 లక్షలు చెబుతున్నారు. విజయవాడలో 1966 స్టాండర్డ్ హెరాల్డ్ కన్వర్టబుల్, ఎరుపు తెలుపు రంగులు, అంతా కొత్తగా చేయించామంటున్నారు, 9 లక్షలు. పాతది కొంటే ఎప్పుడూ మెకానిక్ దగ్గరే ఉంటుందని మా బావమరిది అంటాడు. కొత్తది మన రోడ్లకు పనికిరాదని ఆఫీసులో అంటారు. మా పోర్టికో ముందువైపు తెరిచే ఉంటుంది. ఏది తీసుకోమంటారు?

సమాధానం: మీరు రాసిన వాడకానికి మా ఓటు హెరాల్డ్‌కే. అయితే మీరు చూసిన ఆ హెరాల్డే కొనండని ఇప్పుడే చెప్పలేం. అది రెండు పరీక్షలు నెగ్గాలి. ఒకటి కాగితాల మీద, రెండోది జాకీ మీద. రెంటిలో ఏది తప్పినా ఇంకో హెరాల్డ్ దొరికేదాకా ఆగండి గానీ, విసుగొచ్చి జెడ్4 వైపు తిరగొద్దు. హైదరాబాదు ప్రయాణాలకు మాత్రం ఇంట్లో ఉన్న కారే వాడుకోండి.

జెడ్4 వద్దనడానికి మొదటి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీ ఇంట్లో నలుగురు, దానిలో సీట్లు రెండే. వెనకాల చిన్న పిల్లలను సర్దడానికి కూడా చోటు లేదు. ప్రతి ఆదివారం ఇద్దరిని ఇంట్లో వదిలి వెళ్లే కారు ఎంత గొప్పదైనా నాలుగు నెలలు తిరిగేసరికి పోర్టికోలోనే ఉండిపోతుంది. బండిగా మాత్రం దానికి వంక పెట్టలేం. 2,998 సీసీ ఆరు సిలిండర్ల టర్బో ఇంజను, 340 హార్స్ పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, నిలబడ్డ చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగానికి నాలుగున్నర సెకన్లు. గుడ్డ పైకప్పు మీట నొక్కిన పది సెకన్లలో మడుచుకుంటుంది, బండి 50 కిలోమీటర్ల లోపు వేగంలో కదులుతున్నా సరే. సీట్ల వెనక బండి బోల్తాపడితే తలను కాపాడే కడ్డీలున్నాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు సరేసరి. మీరిద్దరే తిరిగేవాళ్లయి, ఎక్కువగా హైవే మీదే నడిపేవాళ్లయితే మా సలహా ఇంకోలా ఉండేది.

హెరాల్డ్‌ది 948 సీసీ ఇంజను, 40 హార్స్ పవర్ కూడా ఉండదు. 60, 70 కిలోమీటర్ల దగ్గర హాయిగా నడుస్తుంది, 100 వైపు వెళ్తుంటే ఇంజను, గాలి, తలుపులు అన్నీ కలిసి ఇక చాలంటాయి. చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల రోడ్డుకు ఆ వేగం చాలు. పైగా ఏడున్నర మీటర్ల వలయంలో పూర్తిగా తిరిగిపోతుంది, బ్రాడీపేట సందుల్లో చిన్న కార్లు కూడా రెండుసార్లు రివర్స్ కొట్టే చోట ఇది ఒక్క ఊపున తిరుగుతుంది. అదే 16వ నంబరు జాతీయ రహదారి మీద, కాజ టోల్‌గేటు దగ్గర, వెనక ఎయిర్ బ్రేకుల లారీ తరుముతుంటే ఈ బండిలో ఉండటం మంచిది కాదు. విజయవాడ వెళ్లాల్సి వస్తే తెల్లవారుజామునే వెళ్లి రండి.

పిల్లల సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. ఆ కాలపు హెరాల్డ్‌లో సీటు బెల్టులు, హెడ్‌రెస్టులు, నెత్తిన కడ్డీ ఏవీ ఉండవు. కొన్న వెంటనే చేయించాల్సిన మొదటి పని ముందు వెనక బెల్టులు. బెల్టు బోల్టు పలచటి ఫ్లోర్ రేకుకు బిగిస్తే ఉపయోగం లేదు, గుంజుకు ఊడి వస్తుంది. రేకు కింద మందపాటి ఉక్కు పలక వెల్డింగ్ చేయించి దానికి, లేదా నేరుగా ఛాసిస్‌కు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, బిగించాలి. బెల్టులు పడేదాకా పిల్లలను ఎక్కించకండి. పడ్డాక కూడా వాళ్లున్నప్పుడు 50 దాటొద్దు.

ఇక కాగితాల పరీక్ష. స్టాండర్డ్ హెరాల్డ్‌ను మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసింది. వాటిలో ఎక్కువ భాగం గట్టి పైకప్పున్న సెలూన్లే. ఈ బండి డిజైనులో ఒక విశేషం ఉంది. కింద వేరే ఛాసిస్, దాని మీద బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో కూర్చున్నది. పైకప్పు కూడా బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. అందుకే సెలూన్ కొని, టాప్ లేపేసి, రెక్సిన్ హుడ్ కుట్టించి కన్వర్టబుల్ పేరుతో ఎక్కువ ధరకు అమ్మడం తేలిక. అలాంటి బండి రెండు విధాలుగా మిమ్మల్ని ముంచుతుంది. ఆర్సీలో బాడీ రకం సెలూన్ అని ఉండి బండికి టాప్ లేకపోతే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది అనుమతి లేని మార్పు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. రెండోది బలం సంగతి. పైకప్పు తీసేశాక బాడీ మధ్యలో వంగుతుంది, తలుపుల దగ్గర అది తెలిసిపోతుంది.

కాబట్టి బండి చూడకముందే ఆర్సీ ఫొటో తెప్పించుకోండి. బాడీ రకం, రంగు, తయారైన నెల, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుందో చూడండి. తర్వాత అదే నంబరు పరివాహన్ సైట్‌లో కొట్టండి. పాత పుస్తకం ఆర్సీలు చాలా ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కలేదు. అలాంటి బండిని మీ పేరుకు మార్చాలంటే ముందు అమ్మేవాళ్లు ఆర్టీఏ ఆఫీసులో రికార్డు ఎక్కించుకోవాలి. ఆ పని వాళ్లదే, మీరు నెత్తిన వేసుకోవద్దు. మీకు ఇంకెక్కడైనా ఇంగ్లండులో తయారైన ట్రయంఫ్ హెరాల్డ్ తగిలితే, దాని ప్లేటు మీద కమిషన్ నంబరు చివర సీవీ అన్న అక్షరాలుంటే అది ఫ్యాక్టరీలోనే కన్వర్టబుల్‌గా పుట్టింది.

ఇక్కడే ఇంకో సంగతి. 1966 బండి కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండని మీకు ఎవరో ఒకరు చెబుతారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేని సొంత వాహనాలకు ఆ సౌకర్యం ఉంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, పాత నంబరు ఉంటే అదే ఉంచుకోవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అలా రిజిస్టరైన బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, వాటికి వెళ్లి రావడం, పెట్రోలు, మరమ్మతు, ఇంతే. ఆదివారం సూర్యలంక ఆ జాబితాలో లేదు. మీకు కావలసింది మామూలు ఆర్సీ, అయిదేళ్లకోసారి రెన్యువల్. గడువు ముగిసే 60 రోజుల ముందు నుంచి 25వ నంబరు ఫారంతో దరఖాస్తు చేయవచ్చు, బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు, జీఎస్టీ అదనం. ఎలాగూ టాప్ లేపేసిన సెలూన్‌కు వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా రాదు.

కాగితాలు బాగుంటే బండి దగ్గరకు వెళ్లండి, అదీ రెండుసార్లు. ఒకసారి పొద్దున్నే, ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో మీ కళ్లముందే చూడాలి. రెండోసారి మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, బెంజి సర్కిల్ రద్దీలో ఇరవై నిమిషాలు తిప్పండి. ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్లీ స్టార్ట్ చేయమనండి. మన ఎండలో పాత బండి గుట్టు బయటపడేది అప్పుడే.

కొత్త పెయింటు చూసి మురిసిపోవద్దు. పైన పటారం లోన లొటారం అన్న మాటకు రిస్టోర్ చేసిన కార్లే సరైన ఉదాహరణ. ఒక చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి తలుపుల అడుగు అంచులు, వెనక చక్రాల చుట్టూ, డిక్కీ ఫ్లోరు మీద జరుపుతూ వెళ్లండి. అంటుకోని చోటల్లా రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత కిందికి దూరి ఛాసిస్ చూడండి. మధ్యలోని రెండు ప్రధాన పట్టీల కంటే, వాటి నుంచి పక్కలకు చేతుల్లా చాచి బాడీని మోసే అడ్డ పట్టీలు ముందు తుప్పు పడతాయి. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ఖంగుమనాలి. మెత్తటి చప్పుడు వస్తే లోపల తిన్నది. ఇప్పుడు ఒక తలుపు సగం తెరిచి, ఆ పక్క ముందు చక్రం వెనక ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపండి. చక్రం నేల వదిలాక తలుపు మూయండి. ముందులాగే మూసుకుంటే బాడీ గట్టిది. పట్టేసినా, పైన సందు తగ్గి కింద పెరిగినా, ఆ బండి వంగుతోంది. దానికి రంగులు ఎన్ని వేసినా లాభం లేదు.

జాకీ మీద ఉండగానే ముందు చక్రం వెనకకు టార్చి వేసి చూడండి. ఈ బండి కొనేవాళ్లు మరేదీ చూడకపోయినా ఇది చూడాలి. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ అడుగున మరలు ఉంటాయి. అది ట్రనియన్ అనే ఇత్తడి దిమ్మలోకి బిగుసుకుని ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరలలోనే తిరుగుతుంది. దానిలో పోయాల్సింది గేర్ ఆయిల్, ఈపీ 90. గ్రీజు కాదు. మన దగ్గర నిపిల్ (నూనె ఎక్కించే చిన్న మూతి) కనబడితే గ్రీజు గన్ పెట్టేయడం అలవాటు. గ్రీజు పై మరల దాకా ఎక్కదు, కొన్నాళ్లకు గట్టిపడుతుంది. పైనుంచి వాన నీళ్లు దిగి ఉక్కు తుప్పు పడుతుంది, మరలు సన్నబడతాయి. ఒకరోజు పార్కింగులో నెమ్మదిగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ కడ్డీ విరిగి, చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుపోతుంది. అదే రోడ్డు మలుపులో జరిగితే చెప్పనక్కర్లేదు. నిపిల్ చుట్టూ పసుపు గ్రీజు గట్టిగా పేరుకుని ఉంటే, రెండు పక్కల కడ్డీలు, ట్రనియన్లు కొత్తవి వేయాల్సిందేనని లెక్కవేసుకోండి, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లోనూ ఈ ఏర్పాటే ఉంది కాబట్టి ఇంగ్లండులో ఇవి ఇప్పటికీ కొత్తవి అమ్ముతారు. వేశాక ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి, ఆయిల్ గన్‌తో పైనుంచి ఆయిల్ పొంగేదాకా కొట్టించండి. ఆ పని జరుగుతుంటే పక్కనే నిలబడండి.

ఇంజనుకు మూడు పరీక్షలు చాలు. మొదటిది: ఇంజను ఆపి ఉండగా ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే, ఇంజను ముందు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర ఉండే పుల్లీని చూడండి. పుల్లీ కంటికి కనబడేంత ముందుకు వెనక్కు ఆడితే క్రాంకును అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోపు ఆడాలి, అది కంటికి సరిగా ఆనదు, డయల్ గేజీకి తెలుస్తుంది. వదిలేస్తే ఆ వాషర్లు ఊడి అడుగున ఆయిల్ ఛాంబర్‌లో పడతాయి, క్రాంకు నేరుగా బ్లాకును రాసుకుని రెండూ పాడవుతాయి. వాషర్ల దశలో దొరికితే చిన్న పని. రెండోది ఆయిల్ ప్రెషర్: డాష్‌బోర్డులో దీపమే తప్ప మీటరు ఉండదు. ఆ దీపం స్విచ్ విప్పి, అక్కడ గేజీ బిగించి, ఇంజను బాగా వేడెక్కాక 2,000 ఆర్‌పీఎం దగ్గర 40 నుంచి 60 పౌండ్లు చూపిస్తే బేరింగులు బాగున్నట్టే. మూడోది కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండరులో వచ్చే ఒత్తిడి: నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా రావాలి. ఏ ఒక్కటైనా మిగతావాటికంటే పది, పదిహేను శాతం తక్కువుంటే వాల్వు తన సీటు మీద సరిగా మూసుకోవడం లేదని అనుమానం. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి లేదు. ఈ ఇంజను వాల్వులు ఆ సీసం మీద ఆధారపడ్డవే. హెడ్ ఎప్పుడు విప్పినా ఎగ్జాస్ట్ వైపు గట్టి ఉక్కు సీట్లు దించమనండి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపులకు ఇది రోజూ చేసే పనే.

మీ బావమరిది మాటకు జవాబు కూడా ఆ ఆటోనగరే. రేడియేటర్ రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం), డైనమో చుట్టడం, సెల్ఫ్ బుష్‌లు, క్లచ్ ప్లేటుకు లైనింగ్ రివిట్ చేయడం, బ్రేక్ షూలకు లైనర్లు అతికించడం, ఇవన్నీ అక్కడే అవుతాయి. బండి నెలల తరబడి మెకానిక్ దగ్గర ఉండిపోయేది పని రాక కాదు, పార్టు లేక. అందుకని విదేశం నుంచి తెప్పించుకోవాల్సినవాటిని, ట్రనియన్లు, థ్రస్ట్ వాషర్లు, గాస్కెట్ సెట్టు, బ్రేక్, క్లచ్ మాస్టర్ సిలిండర్ల రబ్బరు కిట్లు, కొన్న నెలలోనే ఒక సెట్టు తెచ్చి బీరువాలో పెట్టుకోండి. టైర్ల బెంగ లేదు. 145/80 ఆర్13 సరిపోతుంది, అది మారుతి ఆల్టో కే10కు వచ్చే సైజే.

ఆటోనగర్‌లో ఒక్క మాటకు మాత్రం తల ఊపకండి. వెనక చక్రాల మధ్య అడ్డంగా ఒకే కమాను కట్ట ఉంటుంది. బండి కిందికి కూర్చుందని, ఇంకో పట్టీ వేసి లేపుదామంటారు. లారీకి మంచి సలహా, హెరాల్డ్‌కు ప్రాణాంతకం. దీని వెనక యాక్సిల్ రెండు ముక్కలుగా, మధ్యలో మడత బందులా ఊగుతుంది. వెనక భాగం ఎత్తుగా ఉంటే, మలుపు మధ్యలో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయటి చక్రం బండి కిందికి ముడుచుకుని తోక విసిరేస్తుంది. కమాను వాలిపోతే పాతదానికే వంపు పట్టించాలి, అసలు పట్టీల సంఖ్య పెంచకూడదు. నడిపేటప్పుడు కూడా వేగం మలుపుకు ముందే తగ్గించుకోండి, లోపలికి వెళ్లాక కాలు ఒకేలా ఉంచండి.

బ్రేకుల్లో ఆయిల్ లైను ఒకటే. ఒక్క వీల్ సిలిండర్ కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. రబ్బరు వాషర్లు, గొట్టాలు ఎప్పుడు వేశారో బిల్లు చూపించలేకపోతే అన్నీ మార్పించండి. డాట్ 3 లేదా డాట్ 4 బ్రేకు ఆయిలే పోయించండి, ఇంజను ఆయిల్ లాంటి నూనె పడితే ఆ రబ్బరు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది.

ఎండ విషయంలో రెండు పొరపాట్లు బాగా చేస్తారు. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు వెళ్లనివ్వని వాల్వు) తీసేస్తారు, ఇంకా ఎక్కువ పౌండ్ల రేడియేటర్ క్యాప్ పెడతారు. మొదటి పనితో ఇంజను చలికాలం పొద్దున పచ్చిగా నడిచి సిలిండర్లు అరుగుతాయి. రెండో పనితో రేడియేటర్ అతుకులు విచ్చుకుంటాయి. రేడియేటర్ రాడింగ్ చేయించి, బ్లాకులోని మట్టి కడిగించి, కూలంట్, శుద్ధి చేసిన నీరు సగం సగం పోస్తే చాలావరకు నిలబడుతుంది. వేడి బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అందుకోకపోవడం వేరే జబ్బు, పెట్రోలు పైపులోనే ఆవిరవుతోంది. పైపును ఎగ్జాస్ట్ నుంచి దూరంగా జరిపి, మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టాలి.

పెట్రోలు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసినదే. పాత రబ్బరు దానికి తట్టుకోదు. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా గొట్టాలు, పంపు డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి. వైటాన్ పేరుతో దొరుకుతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూడు నాలుగు వారాలు కదపకపోతే కార్బురేటర్ గిన్నెలో తెల్లటి పొడి పేరుకుని జెట్టు మూసుకుపోతుంది. వారానికోసారి కనీసం అరగంట, ఇంజను పూర్తిగా వేడెక్కేలా నడపాలి. పోర్టికోలో నిలబెట్టి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం లాభం కంటే నష్టమే ఎక్కువ, సైలెన్సరులో నీరు చేరుతుంది.

హుడ్ గురించి: గుడ్డ చిరిగినా దిగులు లేదు, పాత గుడ్డను కొలతకు ఇస్తే సీట్లు, లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్లు కొత్తది కుట్టేస్తారు. దాన్ని మోసే ఇనుప చట్రం మాత్రం అసలుదై ఉండాలి, మూడుసార్లు తెరిచి మూసి చూడండి. తడిగా ఉండగా మడవకండి, బూజు పట్టడమే కాదు, వెనక ప్లాస్టిక్ అద్దం అతుక్కుపోయి మబ్బు పడుతుంది. సూర్యలంక నుంచి వచ్చిన ప్రతిసారీ కింద ఛాసిస్‌ను మంచినీళ్లతో కడిగించండి. ఇసుకలోకి దింపకండి.

పోర్టికో ముందు తెరిచి ఉండటం రెండు బండ్లకూ చెరుపే. మే నెల ఎండ హుడ్ రంగును తినేస్తుంది, అక్టోబరు వాయుగుండాల జల్లు లోపలికి కొడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బండి కొనేలోగా ముందువైపు షట్టరో, మందపాటి తెరో పెట్టించండి. ప్లాస్టిక్ కవరు వద్దు, దాని కింద చెమ్మ నిలుస్తుంది, నూలు గుడ్డది వాడండి.

ఆఫీసులో వాళ్లు జెడ్4 గురించి అన్న మాటలో కొంత నిజముంది. నేల నుంచి దాని ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు, దాని వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. వీధుల్లో వేసేవి ఆ వెడల్పు లేకుండా గోడలా నిటారుగా ఉంటాయి. వెనక టైర్లు 275/35 ఆర్19. స్టెప్నీ ఉండదు. గుంతలో పడితే పలచటి సైడ్‌వాల్ వల్ల దెబ్బంతా రిమ్ముకే తగులుతుంది, ఒక్కో టైరు అయిదంకెల ధర. అన్నింటికంటే చేతి చమురు వదిలేది అక్కడే.

ఇన్ని చెప్పినా మనసు అటే లాగితే, ఈ పరీక్షలైనా చేయించండి. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం చెబుతాయి, 2320 అంటే 2020లో 23వ వారం. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే లోతు ఎంతున్నా నాలుగూ మార్చాల్సిందే. పైకప్పు మూడుసార్లు నడిపి, మూశాక పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి, కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. హుడ్ అంచుల నీటి కాలువలు ఆకులతో మూసుకుంటే నీరు లోపలికి దిగి, కంట్రోల్ యూనిట్లను తడుపుతుంది. కంప్యూటరుతో అన్ని యూనిట్లూ స్కాన్ చేయించి ఆ కాగితం అడగండి. గేర్‌బాక్సు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెబుతారు, దాన్ని తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తక్కువ తిరిగే బండి కాబట్టి బ్యాటరీకి మెయింటెనెన్స్ ఛార్జర్ తప్పనిసరి, కొత్త బ్యాటరీ వేసినప్పుడు కంప్యూటరులో నమోదు చేయించాలి. తెలంగాణ బండి కాబట్టి అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, 12 నెలల్లోపు ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించి జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. 58 లక్షల్లో ఆ పన్ను కలవలేదు, బేరమాడే ముందే ఆర్టీఏలో లెక్క కట్టించుకోండి.

హెరాల్డ్‌కు తిరిగి వస్తే, కాగితాలు, జాకీ పరీక్ష రెండూ నెగ్గాక బయానా ఇవ్వండి. రసీదులో మూడు మాటలు రాయించుకోండి: ఆర్సీలో బాడీ రకం కన్వర్టబుల్ అని ఉన్నదని, ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్సీతో కలిశాయని, పేరు మార్పు జరగకపోతే బయానా మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇస్తామని. పేరు మార్పుకు పెట్టే 29, 30 నంబరు ఫారాల మీద అమ్మేవాళ్ల సంతకాలు అయ్యాకే మిగతా డబ్బు కట్టండి. అమ్మేవాళ్లు వీటిలో ఏ ఒక్కటి రాయడానికి వెనకాడినా ఆ రోజుకు బేరం ఆపేసి వచ్చేయండి. 9 లక్షలు అయ్యాక ఇంకో రెండు లక్షలు విడిగా ఉంచుకోండి. బెల్టులు, బ్రేకు రబ్బర్లు, పెట్రోలు గొట్టాలు, ట్రనియన్లు, ఈ వరుసలోనే ఖర్చు పెట్టండి. ఇవి నాలుగూ పూర్తయ్యాకే మొదటిసారి పొన్నూరు రోడ్డెక్కండి.